నొక్కకుండా గీసే చేతికి ప్రెషర్ పెన్ను: అయిదు నెలలు వాడాక

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. కంప్యూటర్లో బొమ్మలు వేయడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తెర లేని పెన్ ట్యాబ్లెట్ (బల్ల మీద పెట్టుకుని దాని పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడే పలక) ఒకటి కొనుక్కోండి, మూడున్నర వేల లోపుది చాలు. సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదు, బొమ్మలు వేసుకునే క్రిటా ఉచితంగానే ఉంది. మొదటి మూడు వారాలు చేతినీ, ట్యాబ్లెట్‌నీ, కొనమన్నవాళ్ళనీ కలిపి తిట్టుకుంటారు. నాలుగో వారంలో తిట్లు తగ్గుతాయి.

నేను కొన్నదాని కంపెనీ పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఉన్నాయి, తిట్టవలసినవీ ఉన్నాయి. ఊరికే ఒకడి పేరు పాడుచేయడం ఎందుకు? పైగా ఈ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గీసే చోటు 10 అంగుళాల పొడవు, ఆరుంబావు అంగుళాల వెడల్పు. పక్కన నాలుగైదు బొత్తాలు. బ్యాటరీ అక్కర్లేని పెన్ను. పెట్టెలో విడిగా ఓ పది పాళీలు, వాటిని లాగడానికి చిన్న ఇనప రింగు.

ఇక నా సంగతి. విశాఖలోనే ఒక వర్క్‌షాపులో 31 ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ఇల్లు గాజువాక. చేరిన కొత్తలో డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్నులు, అమోనియా ప్రింట్లు. తర్వాత ఆటోక్యాడ్ వచ్చి బోర్డులన్నీ స్టోర్‌రూములోకి పోయాయి. గీసినవి గేర్లు, షాఫ్టులు, బ్రాకెట్లు. వంపు కావాలంటే ఫ్రెంచ్ కర్వ్, గుండ్రం కావాలంటే కంపాసు. చేత్తో సొంతంగా ఒక పడవ బొమ్మ గీయమంటే నా వల్ల అయ్యేది కాదు. రిటైరయ్యాక ఆ లోటు తీర్చుకుందామని దిగాను. కాబట్టి నన్ను అనుభవజ్ఞుడి కింద లెక్కేయకండి. నిజానికి ఆ అనుభవమే నా కొంప ముంచింది, ఆ కథ కాస్త ముందుకెళ్ళాక చెబుతాను.

కొనమన్నది మా మేనకోడలు. ఎంవీపీ కాలనీలో ఉంటుంది, ఇంట్లో కూర్చునే ఏదో గేముల కంపెనీకి బొమ్మలు వేసిపెడుతుంది. తెర ఉన్న ట్యాబ్లెట్ కొందామని ద్వారకానగర్లో ఒక షాపుకెళ్ళి ధర కనుక్కున్నాను. ఇరవై వేల పైమాట. ఫోన్ చేస్తే, "మావయ్యా, ముందు మూడు వేలది కొను. ఆరు నెలల తర్వాత కూడా గీస్తూ ఉంటే అప్పుడు చూద్దాం. లేకపోతే అంత ఖరీదుదాని మీద అత్తయ్య వడియాలు ఎండబెడుతుంది" అంది. మాట కటువుగానే ఉన్నా లెక్క సరైనదే.

పెట్టె విప్పి, తీగ తగిలించి, డ్రైవర్ (ట్యాబ్లెట్ మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, క్రిటా తెరిచి మొట్టమొదట ఒక గుండ్రం గీశాను. కోడిగుడ్డు వచ్చింది. చేతి తప్పనుకుని ట్యాబ్లెట్ మీద టీ గ్లాసు బోర్లించి దాని అంచు వెంబడి గీశాను. అప్పుడూ గుడ్డే. అలవాటు పోదు కదా, స్కేలు తీసి తెర మీదే కొలిచాను. అడ్డం 89 మిల్లీమీటర్లు, నిలువు 80. చెయ్యి వణికితే ఇంత లెక్కగా వణకదు. కూర్చుని గుణిస్తే తేలింది: ట్యాబ్లెట్ నిష్పత్తి 16కి 10, నా ల్యాప్‌టాప్ తెర 16కి 9. ట్యాబ్లెట్ మొత్తాన్నీ తెర మొత్తానికీ సాగదీస్తున్నారు కాబట్టి ప్రతి గీతా అడ్డంగా పదకొండు శాతం దాకా లావెక్కుతోంది. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తిని తెరకి సరిపోయేలా కట్టేసే గడి ఒకటి ఉంటుంది, దానికి టిక్కు పెడితే కింద అర అంగుళం పైచిలుకు చోటు వృథా అవుతుంది, గుండ్రం గుండ్రంగా వస్తుంది. మేనకోడలికి చెబితే, "తెర మీద స్కేలు పెట్టి కొలిచావా?" అని చాలాసేపు నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, కొత్తవాళ్ళు ఎంతమంది ఈ గుడ్డు చూసి తమకి గీయడం రాదని మానేసి ఉంటారో! పెట్టెలో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. తిట్టదగిన మొదటి విషయం ఇదే.

రెండోది ప్రెషర్, అంటే పెన్నుని ఎంత నొక్కితే గీత అంత లావుగా పడడం. పెట్టె మీద 8192 స్థాయులని బంగారు అక్షరాలతో అచ్చేశారు. రెండుని పదమూడుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది, మనిషి వేలికి అందేది కాదు. అంతకంటే ముఖ్యం, ఆ స్థాయుల్లో ఒక్కటీ మొదటిరోజు పనిచేయలేదు. మెల్లగా గీసినా గట్టిగా గీసినా ఒకే లావు. విండోస్‌లో పెన్ను మాటని సాఫ్ట్‌వేర్‌కి చేరవేసే దారులు రెండున్నాయి, వింటాబ్ అని ఒకటి, విండోస్ ఇంక్ అని ఇంకొకటి. డ్రైవర్ ఒక దారిలో పంపిస్తుంటే క్రిటా ఇంకో దారిలో ఎదురుచూస్తోంది. క్రిటా సెట్టింగుల్లో ట్యాబ్లెట్ అన్న చోట దారి మార్చి, ఒకసారి మూసి తెరిస్తే సర్దుకుంది. పాత ట్యాబ్లెట్ డ్రైవర్ ఏదైనా కంప్యూటర్లో మిగిలి ఉంటే ముందు దాన్ని తీసేయండి, రెండూ కొట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు కష్టం. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. ఇది నాకు సులువే అనుకున్నాను, ఇరవై ఏళ్ళు మౌసు తిప్పినవాణ్ణి కదా. అక్కడే బోల్తా పడ్డాను. మౌసుని ఎత్తి ఇంకోచోట పెడితే బాణం గుర్తు కదలదు, ఆగినచోటే ఉంటుంది. పెన్ను అలా కాదు. ట్యాబ్లెట్ మీద ఏ చుక్కకి తెర మీద ఏ చుక్కో ముందే రాసిపెట్టి ఉంటుంది. పెన్ను ఎత్తి రెండంగుళాల అవతల పెడితే గుర్తు కూడా ఎగిరి అక్కడే వాలుతుంది. మౌసు అలవాటుతో నేను పెన్నుని ఈడ్చుకుంటూ అంచు దాకా పోయి, ఎత్తి వెనక్కి తెచ్చి, గీత మళ్ళీ మొదటికొచ్చిందేమిటని తెల్లబోయేవాణ్ణి. మౌసు ముట్టని పిల్లలకి ఈ బాధ ఉండదు.

దీనికి మందు ఒక్కటే దొరికింది. తెర నిండా చుక్కలు పెట్టుకోవడం, ఒక చుక్క దగ్గర పెన్ను ఆనించి ఇంకో చుక్క దాకా ఒక్క ఊపులో గీత లాగడం. రోజుకి ఇరవై నిమిషాలు. మణికట్టు కదిలిస్తే గీత వంగుతుంది, మోచేతి నుంచి లాగాలి. పన్నెండో రోజున ట్యాబ్లెట్ వైపు చూడడం నాకే తెలియకుండా మానేశాను. ఆ రోజు కాఫీ కూడా దాని మీదే పెట్టబోయాను, అది వేరే సంగతి.

చేతి కథ చెబుతానన్నాను. ఇంకు పెన్ను పట్టినవాళ్ళకి తెలుస్తుంది: నిటారుగా పట్టాలి, నొక్కకూడదు. 0.2 మిల్లీమీటర్ల గీత పెన్ను కాస్త నొక్కితే లోపలి సన్నతీగ వంగిపోతుంది, పెన్ను చస్తుంది. చేరిన మొదటి నెలలో నేను అలా రెండు చంపాను, మా సెక్షన్ పెద్దాయన అందరి ముందూ కడిగేశారు. లావు గీత కావాలంటే 0.5 తియ్యి, ఇంకా లావు కావాలంటే 0.7 తియ్యి. ఒకే పెన్నుతో గీత లావు మారిందంటే అది తప్పు. అలా 31 ఏళ్ళు పోయాయి. ఇప్పుడు ఈ పెన్ను చేతికిచ్చి, నొక్కు, వదులు, మళ్ళీ నొక్కు అంటే చెయ్యి వింటుందా?

మొదటి బొమ్మ డాల్ఫిన్స్ నోస్. కొండ, కొన మీద లైట్‌హౌస్, కింద సముద్రం. నా లెక్కన చక్కగానే వచ్చింది. మేనకోడలికి వాట్సాప్‌లో పంపాను. "ఏటి మావయ్యా, కొండకి టెండర్ పిలుస్తున్నారా?" అని జవాబు. కోపమొచ్చింది గానీ మళ్ళీ చూస్తే నిజమే. కొండ గీత, మబ్బు గీత, అల గీత అన్నీ ఒకే లావు, అన్నీ ఒకే నలుపు. ప్రాణం లేదు. ఆదివారం ఇంటికొచ్చి కూర్చుని డ్రైవర్లో ప్రెషర్ వంపు తెరిచి చూపించింది. ఎంత నొక్కితే ఎంత లావు అన్నది ఒక గ్రాఫులా ఉంటుంది, దాన్ని మన చేతికి తగ్గట్టు వంచుకోవచ్చు. నా చెయ్యి మరీ తేలిక కాబట్టి కొద్దిగా ఆనిస్తేనే సగం లావు వచ్చేలా వంచింది. గట్టిగా రుద్దే అలవాటున్నవాళ్ళు దానికి ఎదురువైపు వంచుకోవాలి. ఈ ఒక్క సర్దుబాటు 8192 కంటే ఎక్కువ పనిచేసింది. ఇక పెన్ను నిటారుగా పట్టే జబ్బు. నా ట్యాబ్లెట్‌కి పెన్ను వాలు కూడా తెలుస్తుంది, పెన్సిల్ని పడుకోబెట్టి నీడ రుద్దినట్టు రుద్దొచ్చు. నేను స్తంభంలా పట్టుకుంటే అదెక్కడ పనిచేస్తుంది? చూపుడు వేలికీ పెన్నుకీ మధ్య చిన్న రబ్బరు ముక్క పెట్టి వాలు అలవాటు చేసుకున్నాను. మీరు నవ్వుకోండి.

క్రిటాలో గీతని స్థిరపరిచే సదుపాయం ఉంది, స్టెబిలైజర్ అంటారు. పెన్ను వెనకాల గీత తాడు కట్టినట్టు కొంచెం ఆలస్యంగా నడుస్తుంది, వణుకంతా జారిపోతుంది. నా లాంటివాడికి ఇది సారాయి లాంటిది. రెండు వారాలు దాన్నే పట్టుకు వేలాడాను, గీతలు నిగనిగలాడాయి, బొమ్మ మళ్ళీ కొండకి టెండరే. ఇప్పుడు తీసేశాను. పడవ తాళ్ళకి మాత్రం వాడతాను.

మిగతా క్రిటా అంతా నాకు పాత ఆఫీసుకి మళ్ళీ వెళ్ళినట్టే ఉంది. లేయర్లంటే ఏమిటో యూట్యూబ్‌లో పావుగంట చెబుతారు. మా రోజుల్లోవాళ్ళకి ఒక్క ముక్క చాలు: ట్రేసింగ్ కాగితాలు. అడుగున కొలతల కాగితం, దాని మీద ఇంకు కాగితం. అంతే. నీడలకి వాడే మల్టిప్లై అన్నదీ ఇదే, రెండు ట్రేసింగులు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకి ఎత్తిపట్టుకుంటే గీతలున్నచోట ఎలా ముదురుతుందో అలా కింది రంగు మీద పై రంగు ముదురుతుంది. తేడా అల్లా ఇక్కడ కాగితానికి మెమరీ ఖర్చవుతుంది. ఏ4 సైజుని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన తీసుకుంటే 2480 అడ్డం, 3508 నిలువు, అంటే 87 లక్షల చుక్కలు. చుక్కకి నాలుగు బైట్ల లెక్కన నిండా రంగు పూసిన ఒక్కో లేయరు 33 ఎంబీ దాకా తింటుంది. నాది 4 జీబీ పాత ల్యాప్‌టాప్. ముప్పై లేయర్లు దాటితే ఆయాసపడుతుంది. ప్రాక్టీసుకి 150 డీపీఐ పెట్టుకోండి, బరువు నాలుగో వంతుకి దిగుతుంది.

ఇక కంట్రోల్ జెడ్ సంగతి, అంటే వేసిన గీతని వెంటనే తీసేసే మీటలు. ట్రేసింగ్ మీద ఇంకు తప్పు పడితే సగం బ్లేడు ముక్కతో గీకేవాళ్ళం. ఒకేచోట రెండుసార్లు గీకొచ్చు, మూడోసారి చిల్లు. అందుకని గీత పెట్టే ముందు ఊపిరి బిగపట్టేవాళ్ళం. ఇక్కడ బ్లేడు లేదు, చిల్లూ లేదు. మొదట్లో స్వర్గంలా అనిపించింది. తర్వాత చూసుకుంటే ఒక్క పడవ అంచుకి నలభైసార్లు వేసి తీసి, వేసి తీసి, సాయంత్రమంతా గడిపేశాను. ఇప్పుడు నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను: ఒక గీతకి రెండు తప్పులు, మూడోది ఎలా వచ్చినా ఉండాల్సిందే. బ్లేడు రూలే.

జూమ్ కూడా అంతే ప్రమాదం. ఫిషింగ్ హార్బర్లో కట్టేసిన మరపడవల్ని ఫోటో తీసుకొచ్చి వేస్తున్నాను. పడవ పక్కల పాత టైర్లు వేలాడుతుంటాయి కదా, ఒకదానికొకటి రాసుకోకుండా. నాలుగు రెట్లు పెద్దది చేసి ఆ టైర్ల మీది గాడులు కూడా గీశాను, రెండు గంటలు. అసలు సైజుకి వచ్చి చూస్తే నల్లటి మచ్చలు. మేనకోడలు చిన్న చిట్కా చెప్పింది: విండో మెనూలో అదే బొమ్మకి ఇంకో కిటికీ తెరిచి, చిన్నదిగా ఒక మూల పెట్టుకోమంది. పెద్దదానిలో గీస్తుంటే చిన్నదానిలో మొత్తం బొమ్మ ఎలా ఉందో కనబడుతూనే ఉంటుంది. ఎం అక్షరం నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఒరిగిన తెరచాప కొయ్య అప్పుడు దొంగలా దొరికిపోతుంది.

క్రిటా పేరు గురించి ఒక మాట. నేను మొదట దాన్ని "కృత" అని చదివి, ఎవరో సంస్కృతం వచ్చినవాళ్ళు పెట్టారనుకున్నాను. స్వీడిష్ మాటట, రంగు సుద్ద అని అర్థం. అధికారిక వెబ్‌సైట్ నుంచి దించుకుంటే ఉచితం. మైక్రోసాఫ్ట్ స్టోర్లో, స్టీమ్‌లో డబ్బు తీసుకుంటారు, సాఫ్ట్‌వేర్ అదే, ఆ డబ్బు దాన్ని తయారుచేసేవాళ్ళకి పోతుంది. నేను ఉచితంగా దించుకుని, మూడు నెలలు వాడాక విరాళం ఇచ్చాను. ఐప్యాడ్ ఉన్నవాళ్ళందరూ ప్రొక్రియేట్ అంటారు, అది ఐప్యాడ్‌లో తప్ప నడవదు, కాబట్టి మన గొడవ కాదు.

డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు బాగా నచ్చింది అసిస్టెంట్లు అనే పనిముట్టు. దూరంగా ఒక చుక్క పెడితే గీతలన్నీ దాని వైపే పోయేలా పట్టాలేసినట్టు నడిపిస్తుంది. బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, 1969లో నేవీలో చేరి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియం అయినది. 91 మీటర్ల పైచిలుకు పొడవు. దాన్ని ముక్కు దగ్గర నిలబడి చూసినట్టు వేయడానికి ఈ పట్టాలు భలే పనికొచ్చాయి. ఇనుము బొమ్మ కాబట్టి నా చచ్చిన గీత కూడా అక్కడ నప్పింది. ఇప్పటిదాకా మేనకోడలు ఏమీ అనకుండా ఒప్పుకున్న బొమ్మ అదొక్కటే.

మధ్యలో నగరంలో ఒకచోట ఆదివారం క్లాసులకి కూడా వెళ్ళాను, నాలుగు వారాలు. పేరు అనవసరం. ఫోటోని అడుగు లేయర్లో పెట్టి దాని మీదే గీయించారు. ట్రేసింగే కదా, నా జీవితమంతా చేసిన పని! పిల్లలంతా తడుముకుంటుంటే నేను ఇరవై నిమిషాల్లో ముగించి చెయ్యెత్తాను. సారు నా పని అందరికీ చూపించి మెచ్చుకున్నారు. ఆ నాలుగు వారాల్లో నేను నేర్చుకున్నది సున్నా. ఫోటోని పక్కన పెట్టుకుని చూసి వేయండి, దాని మీద వేయకండి. ఫీజు ఇచ్చి కొన్న ముక్క ఇది, మీకు ఊరికే ఇస్తున్నాను.

రంగుల దగ్గర నేనింకా బడిపిల్లాణ్ణే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు వేయబోయాను. ఎరుపు కదా అని ఎరుపు పూశాను, పైన సరుగుడు చెట్లకి ఆకుపచ్చ. తెర మీద కళ్ళు జిగేల్మంటున్నాయి గానీ దిబ్బ ఎక్కడ ఆగి చెట్టు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అన్నిటికంటే పైన నల్లరంగు నింపిన లేయరు ఒకటి పెట్టి, దాని మోడ్ కలర్ అని మారిస్తే బొమ్మంతా నలుపు తెలుపులోకి వస్తుంది. వచ్చింది. దిబ్బా చెట్టూ ఒకే బూడిదరంగు! రంగు వేరైనా వెలుగు ఒక్కటే వేశానన్నమాట. అప్పటినుంచి ముందు బూడిదరంగులో వెలుగునీడలు తేల్చుకుని, ఆ తర్వాతే రంగుల్లోకి వెళ్తున్నాను. మా నాన్నగారు చందమామ ముఖచిత్రాలు కత్తిరించి దాచేవారు. వడ్డాది పాపయ్య గారివి, మన పక్కన కశింకోటలో ఉండేవారే. ఆ అట్టలు ఇప్పుడు ఫోటో తీసి బూడిదరంగులో చూస్తుంటే, రంగులన్నీ పోయాక కూడా మనిషి మనిషిలా, చెట్టు చెట్టులా నిలబడి ఉంటున్నాయి. నాకది ఏ జన్మకి వస్తుందో.

ప్రింటు తీయించేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోండి. రుషికొండ సముద్రం వేసి జగదాంబ దగ్గర ప్రింటు తీయిస్తే, తెర మీద మెరిసిన నీలంపచ్చ కాస్తా ఉతికిన లుంగీలా వచ్చింది. షాపువాళ్ళతో పోట్లాడకండి, వాళ్ళ తప్పు కాదు. తెర వెలుగుతో రంగు చేస్తుంది, ప్రింటరు నాలుగు సిరాలతో చేస్తుంది, ఆ మెరుపు నీలాలు సిరాకి అందవు. క్రిటాలో సాఫ్ట్ ప్రూఫ్ అని ఉంది, ప్రింటులో ఎలా వస్తుందో ముందే దాదాపుగా చూపిస్తుంది.

వస్తువు మన్నిక సంగతి. మూడో నెలలో తీగ వదులైంది. పెన్ను నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే వీడియో తీసి పంపమన్నారు, పంపాను. చీకటిగా ఉంది, మళ్ళీ తీయమన్నారు. మూడో వారానికి కొత్త తీగ వచ్చింది. ఈలోగా మా వీధి చివర మొబైల్ రిపేరు కుర్రాడు యాభై రూపాయల తీగ ఇచ్చి నడిపించాడు. కొనేటప్పుడు టైప్ సీ ఉన్నదే చూసి కొనండి, పాత సన్న పిన్ను రకం వద్దు. పాళీలు పదిలో మూడు అరగ్గొట్టాను. మా వైపు కిటికీ తీస్తే బల్ల మీద సన్నటి నల్లధూళి పేరుకుంటుంది, అది ట్యాబ్లెట్ మీద పడితే గరుకు కాగితమే, పాళీనీ తింటుంది, పలకనీ గీరుతుంది. గీయబోయే ముందు పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. పాళీ ఒకవైపు చదునుగా అరిగి అంచు తేలితే వెంటనే మార్చేయండి.

రెండు వేళ్ళ గ్లవ్ అని అమ్ముతారు. ఇలాంటి ట్యాబ్లెట్ పెన్నుని తప్ప దేన్నీ గుర్తించదు, అరచెయ్యి ఆనినా ఏమీ కాదు, కాబట్టి సాంకేతికంగా అక్కర్లేదు. కానీ మే నెలలో విశాఖలో చెయ్యి పలకకి అతుక్కుపోతుంది. పాత మేజోడు కత్తిరించి చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ తొడిగాను.

ఫోనుకి తగిలించి వాడొచ్చని పెట్టె మీద ఉంది. వాడొచ్చు, కానీ ఫోన్ నిలువుగా ఉంటే ట్యాబ్లెట్‌లో అగ్గిపెట్టెలంత ముక్కే పనిచేస్తుంది. బీచ్‌కి పట్టుకెళ్ళి గీద్దామన్న ఆశ వదులుకోండి. నేను జేబులో పాకెట్ నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకుంటాను, అక్కడ అయిదు నిమిషాలు గీసి, ఇంటికొచ్చి ఫోటో తీసి చూసుకుంటూ వేస్తాను. సొంత కంప్యూటర్ లేనివాళ్ళకి ఈ వస్తువు దండగ.

ఒకరోజు మా ఆవిడ పక్కన కూర్చుని, "ఇలా ఇవ్వండి ఒకసారి" అని పెన్ను లాక్కుంది. నేను చుక్కల పాఠం చెప్పబోయాను. వినలేదు. తెర వైపు చూస్తూ, భుజం కదిలిస్తూ, ఎత్తకుండా ఒక మెలిక ముగ్గు వేసేసింది. వంపు దగ్గర లావు, తిరిగే చోట సన్నం, మళ్ళీ లావు. పిండి చిటికెలోంచి జారినట్టే. నేను మూడు నెలలు కొట్టుకున్న గీత! నా ఉక్రోషం కొద్దీ క్రిటాలో మల్టీబ్రష్ తెరిచి, ఎనిమిది వైపులా ఒకేసారి గీత పడేలా పెట్టి ఇచ్చాను, ఇది చూడు అని. రెండు గీతలకే నిండు ముగ్గు తయారైంది. ఒక్క నిమిషం చూసి పెన్ను పక్కన పెట్టేసింది. "చుక్కలు పెట్టకుండా, కలపకుండా అదే వచ్చేస్తే ఇంక ముగ్గేటి?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఫైలు దాచాను. మెలిక ముగ్గుది, ఎనిమిది వైపులది కాదు. ప్రెషర్ వంపు సరిచేసుకోవాలనుకున్నప్పుడల్లా అది పక్కన తెరిచి పెట్టుకుంటున్నాను.